ఆ నీహారిక దాకా వెళ్లగలమా? స్పేస్ గేమ్ ఎంచుకునే ముందు

స్టోర్ పేజీల్లో స్పేస్ గేముల ఫొటోలన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఊదా, నారింజ రంగుల్లో ఆకాశమంత నీహారిక (నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువు, ధూళి మబ్బు), దాని ముందు అగ్గిపుల్లంత షిప్. ఎలీట్ డేంజరస్ అయినా, నో మ్యాన్స్ స్కై అయినా, ఈవ్ ఆన్‌లైన్ అయినా ఒక్క స్క్రీన్‌షాట్ చూసి తేడా కనిపెట్టలేం. షిప్ ముక్కును ఆ మబ్బు వైపు తిప్పి, ఇంజన్ పూర్తిగా తెరిచి వదిలేస్తే అప్పుడు తెలుస్తుంది. కొన్ని గేముల్లో గంట గడిచినా మబ్బు వెంట్రుక వాసి పెరగదు. గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మ లాంటిది అది. కొన్నింట్లో ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకిన ప్రతిసారీ కాస్త పెద్దదవుతుంది. కొన్నింట్లో నేరుగా లోపలికే దూరిపోవచ్చు. ఈ మూడింట్లో మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి. గ్రాఫిక్స్ కార్డు, ధర, ఇంటర్నెట్ సంగతులు ఆ తర్వాత.

నిజం నీహారికతో పోల్చుకుంటే

ఆరుద్ర నక్షత్రం ఉండే ఓరియన్ మండలంలో, వరసగా ఉన్న మూడు నక్షత్రాల కింద మసకగా ఒక మచ్చ కనిపిస్తుంది. అదే ఓరియన్ నీహారిక. మన నుంచి దాదాపు 1,344 కాంతి సంవత్సరాల దూరం, అడ్డంగా కొలిస్తే 24 కాంతి సంవత్సరాలు. దాని దగ్గరికి వెళితే ఫొటోల్లోలా ధగధగలాడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. సున్నం వేసిన గోడ దగ్గరికి నడిస్తే గోడ పెద్దదవుతుంది గానీ తెల్లదనం పెరగదు కదా. నీహారికా అంతే. ఆకాశంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంతేగానీ ప్రతి చదరపు డిగ్రీలో కనిపించే వెలుతురు అంతే ఉంటుంది. పైగా మసక వెలుతురులో మన కంటికి పని చేసే కణాలు 500 నానోమీటర్ల దగ్గరి కాంతికి ఎక్కువ స్పందిస్తాయి. ఆక్సిజన్ ఇచ్చే 500.7 నానోమీటర్ల ఆకుపచ్చ గీత వాటికి అందుతుంది. హైడ్రోజన్ ఇచ్చే 656.3 నానోమీటర్ల ఎరుపు దాదాపు అందదు. అందుకే టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసినవాళ్లకు ఓరియన్ నీహారిక బూడిద కలిసిన లేత ఆకుపచ్చగా కనబడుతుంది.

మనకు అలవాటైన రంగుల సంగతి వేరు. హబుల్ ఫొటోల్లో తరచూ వాడే పద్ధతిలో సల్ఫర్ కాంతికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయిస్తారు. గేములు దాదాపు అన్నీ ఆ కెమెరా ఆకాశాన్నే చూపిస్తాయి. అది తప్పేం కాదు. కానీ ‘రియలిస్టిక్’ అనే ముద్ర చూసి కొనేవాళ్లు ఏది కంటి ఆకాశమో, ఏది కెమెరా ఆకాశమో తెలుసుకుని కొనాలి.

ఇంకో సంగతి పొగమంచు. చాలా గేముల్లో నీహారికలోకి వెళ్లగానే ముందున్న షిప్ కనబడనంత మంచు కమ్ముకుంటుంది. మనం పీల్చే గాలిలో ఘన సెంటీమీటరుకు 25 తర్వాత 18 సున్నాల స్థాయిలో అణువులు ఉంటాయి. వెలిగే నీహారికలో అదే చోట కొన్ని వందల నుంచి పది వేల దాకా కణాలు. మన ల్యాబుల్లో తీసే మంచి శూన్యం కంటే పలచన. ఆ మబ్బు మధ్యలో కూర్చున్నా మీ పక్కన ఏమీ కనబడదు. కాంతి సంవత్సరాల మందం పోగైతేనే కంటికి ఆనుతుంది. కాబట్టి నీహారిక నడుమ ఉన్న సిస్టమ్‌లో (ఒక నక్షత్రం, దాని గ్రహాలు) మంచు చూపించని గేమే సైన్సుకు దగ్గర. మంచు చూపించేది ఆటకు దగ్గర. పోరాటంలో దాక్కోవడానికి ఆ మంచే కదా చెట్టూ పుట్టా.

తెర మీద అది ఎలా వస్తుంది

మూడు పద్ధతులున్నాయి. అన్నిటికంటే చవకైనది ఘనాకారపు పెట్టె. ఆరు ముఖాల మీద ఆకాశం బొమ్మ అతికించి, కెమెరాను ఎప్పుడూ నడిమధ్యలో ఉంచుతారు. కెమెరాతో పాటే పెట్టె కదులుతుంది గనక మబ్బు ఎప్పటికీ దగ్గర పడదు. ఒక్కో ముఖం 2048 పిక్సెళ్ల చదరమైతే, కుదించకుండా 96 మెగాబైట్ల వీడియో మెమరీ పడుతుంది. 4096 అయితే 384, 8192 అయితే ఏకంగా 1,536 మెగాబైట్లు. నాసిగా చేస్తే పెట్టె అంచుల్లో కుట్టు కనిపిస్తుంది, గట్టిగా కుదిస్తే చీకటి భాగాల్లో చారలు పడతాయి. 2003లో వచ్చిన హోమ్‌వరల్డ్ 2 ఈ చారల బెడదను తెలివిగా తప్పించుకుంది. బొమ్మకు బదులు గోళాకారపు జాలీలో ప్రతి బిందువుకూ ఒక రంగు ఇచ్చి, మధ్యలో రంగులు వాటంతటవే కలిసిపోయేలా చేశారు. ఇప్పుడు చూసినా నీటిరంగుల చిత్రంలా ఉంటుంది.

రెండోది పలచని పొరలు. పొగ బొమ్మ గీసిన అట్టముక్కలను వందల సంఖ్యలో గాల్లో నిలబెట్టినట్టు ఊహించుకోండి. దూరం నుంచి బ్రహ్మాండంగా ఉంటాయి. మధ్యలోంచి దూసుకెళ్లేటప్పుడు ప్రతి అట్టా మీ వైపే తిరుగుతూ ఉండటం కంట పడుతుంది. ఒకదాని మీద ఒకటి పడిన చోట కార్డు అదే పిక్సెల్‌ను పదిసార్లు గీయాల్సి వస్తుంది కాబట్టి, మబ్బు తెరంతా నిండిన క్షణంలోనే ఫ్రేమ్‌రేట్ పడిపోతుంది.

మూడోది నిజమైన ఘనపరిమాణం. ప్రతి పిక్సెల్ నుంచి ఒక కిరణాన్ని మబ్బులోకి పంపి, దారిలో అడుగడుక్కీ ఇక్కడ ఎంత దట్టం, ఎంత వెలుతురు అని లెక్క కడతారు. 1920×1080 తెర మీద కిరణానికి 64 అడుగులు వేస్తే ఒక్క ఫ్రేముకు 13 కోట్లకు పైగా లెక్కలు, సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 796 కోట్లు. ఇది భరించలేక గేములు మబ్బును నిలువులోనూ అడ్డంలోనూ సగం రిజల్యూషన్‌లో గీసి నాలుగో వంతుకు తగ్గించుకుంటాయి. మిగిలిన లోటును పాత ఫ్రేముల నుంచి పూడుస్తాయి. మీరు కెమెరా గిర్రున తిప్పినప్పుడు షిప్ అంచుల వెంట దెయ్యం నీడలాంటి మరక కనిపిస్తే కారణం ఇదే. అడుగుల సంఖ్య తక్కువైతే మబ్బులో ఉల్లిపాయ పొరల్లాంటి చారలు, వాటిని దాచడానికి చల్లిన ఇసుకలాంటి గరుకు కనిపిస్తాయి.

అసలు దూరాల సంగతికొస్తే ఇంకో చిక్కు. గ్రాఫిక్స్ కార్డులు మామూలుగా వాడే 32 బిట్ల సంఖ్యల్లో సూర్యుడి నుంచి భూమంత దూరంలో రెండు పక్కపక్క స్థానాల మధ్య ఎడం 16 కిలోమీటర్లు. అంటే షిప్ ఉంటే ఇక్కడ, లేకపోతే 16 కిలోమీటర్ల అవతల. మధ్యలో చోటే లేదు. 64 బిట్లకు మారితే అదే చోట మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలోకి దిగుతుంది గానీ, 1,000 కాంతి సంవత్సరాల దగ్గర మళ్లీ 2 కిలోమీటర్ల ఎడం వస్తుంది. అందుకే గేములు ప్రతి సౌరకుటుంబానికీ సొంత లెక్క పెట్టుకుని, ఒకదాని నుంచి ఇంకోదానికి ‘జంప్’ చేయిస్తాయి. వార్ప్, హైపర్‌స్పేస్, గ్రావ్ డ్రైవ్ అని ఎన్ని పేర్లు పెట్టినా సగం అవసరం ఈ లెక్కదే, మిగతా సగం లోడింగ్‌ది.

ఎలీట్ డేంజరస్: జంప్ జంప్‌కూ పెరిగే ఆకాశం

2014 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ విడుదల చేసిన ఈ గేములో మన పాలపుంత నిజం కొలతల్లో ఉంది. 40,000 కోట్ల సౌరకుటుంబాలు, వాటిలో లక్షన్నరకు పైగా ఖగోళ జాబితాల నుంచి తెచ్చిన నిజం నక్షత్రాలు. ఓరియన్ నీహారిక, కృత్తికల చుట్టూ ఉన్న నీలం మసక వాటి వాటి స్థానాల్లోనే ఉంటాయి. మనవాళ్లు పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపులోని మెరోపీ, మాయా నక్షత్రాల దగ్గరికి వెళ్లి నిలబడొచ్చు.

దీని పద్ధతి తెలివైన మధ్యేమార్గం. మీరు ఒక సిస్టమ్‌లోకి దూకుతున్నప్పుడు, ఆ చోటి నుంచి గెలాక్సీ ఎలా కనబడుతుందో లెక్కగట్టి, అప్పటికప్పుడు పెట్టె బొమ్మ తయారు చేస్తుంది. జంప్‌లో కనిపించే మెరుపుల సొరంగం ఆ పని అయ్యేదాకా అడ్డం పెట్టిన తెర. సిస్టమ్ లోపల ఎంత తిరిగినా నీహారిక కదలదు, కదలనక్కర్లేదు కూడా. ఒక సౌరకుటుంబం వెడల్పులో నిజంగానే తేడా తెలియదు. తర్వాతి జంప్‌లో మాత్రం బొమ్మ కొత్తది. పది జంప్‌ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే నక్షత్ర మండలాల ఆకారాలు చెదిరిపోయి ఉంటాయి. ఈ అనుభవం జాబితాలోని మిగతా వాటిలో ఒక్క స్పేస్‌ఇంజన్‌లోనే దొరుకుతుంది. నీహారిక మధ్యలో ఉన్న సిస్టమ్‌లోకి వెళితే ఆకాశం అన్ని వైపులా రంగు పులుముకుంటుంది, మంచు మాత్రం ఉండదు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇదే సరి.

బొమ్మ మసకగా ఉందనిపిస్తే పీసీలో ఒక మార్పు చేయొచ్చు. విండోస్ లోకల్ యాప్‌డేటా ఫోల్డర్‌లో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, అందులో ఎలీట్ డేంజరస్, ఆప్షన్స్, గ్రాఫిక్స్ అని వరసగా తెరిస్తే ‘గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ ఓవర్‌రైడ్’ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్ కనిపిస్తుంది. ముందు దాని కాపీ తీసి పక్కన పెట్టండి. గెలాక్సీ బ్యాక్‌గ్రౌండ్ విభాగం రాసి, హై స్థాయి కింద టెక్స్చర్ సైజు 4096 ఇవ్వండి. గేములో ఆ సెట్టింగు హైలో లేకపోతే ఏ మార్పూ కనబడదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. 8192 పెట్టాలని చేయి దురద పెడుతుంది. 4 జీబీ కార్డున్నవాళ్లు వద్దు. మెమరీ చాలక జంప్ ముగిసే చోట గేమ్ బిగుసుకుపోతుంది. ట్యాగ్ మూయడం మరిచి ఏదైనా తేడా కొడితే దాచిన కాపీని తిరిగి పెట్టేయండి.

ఇక ప్రయాణం. సిస్టమ్ లోపల తిరిగే సూపర్‌క్రూజ్‌లో మామూలు డ్రైవ్‌తో గరిష్ఠ వేగం కాంతి వేగానికి 2,001 రెట్లు. అంత వేగంతో పోయినా ఓరియన్ నీహారికకు 245 రోజులు పడుతుంది, కాబట్టి జంప్‌లే గతి. ఆల్ఫా సెంటారీలో ముఖ్య నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హటన్ ఆర్బిటల్ స్టేషన్‌కు సూపర్‌క్రూజ్‌లో గంటకు పైనే తీసుకుంటుంది. కొత్తవాళ్లను ఆటపట్టించడానికి పాతవాళ్లు అక్కడికే పంపుతుంటారు. మొదట ఇచ్చే షిప్ సైడ్‌వైండర్ ఒక్కసారికి 7 కాంతి సంవత్సరాల పైచిలుకే దూకుతుంది, అంటే ఓరియన్‌కు సుమారు 180 జంప్‌లు. ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ కొని, మంచి డ్రైవ్ బిగించి, ఆయుధాలు తీసేస్తే 30 దాటుతుంది, 45 జంప్‌లలో పని అవుతుంది.

దారిలో చెడేది ఎక్కువగా ఇంధనం దగ్గరే. సైడ్‌వైండర్‌కు నక్షత్రం నుంచి ఇంధనం తోడే ఫ్యుయల్ స్కూప్ రాదు, కొని పెట్టాలి. ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం తరగతుల నక్షత్రాల దగ్గరే ఇంధనం తోడుకోవచ్చు. ఎల్, టి, వై తరగతుల గోధుమ మరుగుజ్జుల దగ్గర చుక్క దొరకదు. గెలాక్సీ మ్యాప్‌లో నక్షత్ర తరగతి వడపోత పెట్టి, దాన్ని రూటుకూ వర్తింపజేసే గుర్తు నొక్కకపోతే, దారి వేసే ప్లాటర్ మిమ్మల్ని వరసగా నాలుగైదు గోధుమ మరుగుజ్జుల మీదుగా తీసుకెళ్లి ఖాళీ ట్యాంకుతో నిలబెట్టగలదు. అలా ఇరుక్కుంటే మిగతా పరికరాల కరెంటు ఆపేసి ఫ్యుయల్ ర్యాట్స్‌ను పిలవండి. ఆటగాళ్లే నడిపే సహాయ బృందం అది.

జంప్ సొరంగంలో ఉండగానే థ్రాటిల్ (వేగం మీట) సున్నా చేయండి. బయటపడేది నేరుగా నక్షత్రం ఎదుటే. న్యూట్రాన్ నక్షత్రం కాంతి స్తంభంలో షిప్‌ను పెడితే తర్వాతి జంప్ మామూలు డ్రైవ్‌కు నాలుగింతలవుతుంది, తెల్ల మరుగుజ్జు దగ్గర ఒకటిన్నర రెట్లే. కానీ తెల్ల మరుగుజ్జు స్తంభంలో వాడుకోదగ్గ చోటు ఇరుకు, నక్షత్రానికి మరీ దగ్గర. లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. వదిలేయండి. న్యూట్రాన్ దారిలో వెళ్లేవాళ్లు దెబ్బతినే డ్రైవ్‌ను బాగు చేసుకోవడానికి ఆటో ఫీల్డ్ మెయింటెనెన్స్ యూనిట్ తీసుకెళ్లాలి. దారిలో స్కాన్ చేసిన సమాచారం అమ్మేలోపు షిప్ పేలిపోతే ఆ సమాచారం పోతుంది. అందుకే పాతకాపులు నేల మీద దిగేటప్పుడు షీల్డ్ లేకుండా ఉండరు.

లోపాలూ చెప్పుకోవాలి. ఒంటరిగా ఆడే సోలో మోడ్‌కూ ఇంటర్నెట్ తప్పనిసరి. నెట్ పోతే ఆట ఆగుతుంది. కోల్ 70 సెక్టార్ లాంటి కొన్ని ప్రాంతాలకు అనుమతి లేదు. అక్కడి సిస్టమ్‌లు మ్యాప్‌లో కనబడుతూనే ఉంటాయి, రూటు మాత్రం పడదు.

స్పేస్‌ఇంజన్: ఆట కాదు, ఆకాశం

రష్యాకు చెందిన వ్లాదిమిర్ రొమాన్యుక్ తయారు చేసిన ఈ ప్రోగ్రామ్‌లో శత్రువులు, డబ్బు, మిషన్లు ఏమీ లేవు. 2019లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలోకి వచ్చింది. హిప్పార్కోస్ అనే ఖగోళ జాబితాలోని నక్షత్రాలు నిజం స్థానాల్లో ఉంటాయి, అవతల ఊహాజనితమైన గెలాక్సీలు లెక్కలేనన్ని. నీహారికలు పైన చెప్పిన మూడో పద్ధతిలో, అంటే కిరణాలు పంపి లెక్కగట్టి గీసినవి. నీహారికను ఎంచుకుని కీబోర్డు మీద జి నొక్కితే కెమెరా అక్కడికి ఎగురుతుంది. మౌస్ చక్రంతో వేగాన్ని మార్చుకుంటూ మబ్బులోకి నెమ్మదిగా దూరొచ్చు, అవతలి వైపు నుంచి బయటికొచ్చి వెనక్కి చూడొచ్చు. మనం భూమి నుంచి చూసే ఆకారం ఒక కోణంలో మాత్రమే నిజమని అక్కడ తెలుస్తుంది. అయితే నిజం నీహారికల వెనక భాగం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ లోతు కల్పించినదేనని గుర్తుంచుకోండి.

నచ్చే గుణం ఎక్స్‌పోజర్, అంటే బొమ్మకు ఎంత వెలుతురు ఇవ్వాలో, మన చేతిలో ఉండటం. తగ్గిస్తే కంటి ఆకాశం, పెంచితే కెమెరా ఆకాశం. పిల్లలకు ఖగోళం చెప్పేవాళ్లకు దీన్ని మించింది లేదు. బలహీన కార్డులో మబ్బు తెర నిండినప్పుడు నత్తనడక నడుస్తుంది. అప్పుడు కిటికీ చిన్నది చేయడమో రిజల్యూషన్ తగ్గించడమో చేస్తే వెంటనే తేలికపడుతుంది. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. పాత 0.980 వెర్షన్ ఉచితం. కొనేముందు మీ కంప్యూటర్ మోయగలదా లేదా అని దాంతో ఒక అంచనాకు రావచ్చు, కొత్తది ఇంకా బరువని మనసులో పెట్టుకుని.

నో మ్యాన్స్ స్కై, ఈవ్ ఆన్‌లైన్: రెండు రకాల గోడబొమ్మలు

హలో గేమ్స్ 2016 ఆగస్టులో తెచ్చిన నో మ్యాన్స్ స్కైలో గ్రహాల సంఖ్య 18 తర్వాత 18 అంకెలు. ఆకాశం మాత్రం శుద్ధ అలంకారం. ప్రతి సిస్టమ్‌కూ ఒక రంగుల మేళవింపు. ఆకుపచ్చ మబ్బు వైపు పల్స్ ఇంజన్‌తో ఎంతసేపు పోయినా అది దగ్గరకు రాదు, అది ఏ చోటుకూ చెందినది కాదు. ఇది తెలియక మొదటి వారంలో నిరాశపడేవాళ్లు చాలామంది. దీని బలం వేరే చోట ఉంది. అంతరిక్షం నుంచి గ్రహం నేల దాకా ఎక్కడా లోడింగ్ తెర లేకుండా దిగిపోవచ్చు. నక్షత్రాల మధ్య ప్రయాణానికి హైపర్‌డ్రైవ్, దానికి వార్ప్ సెల్స్. ఎర్ర నక్షత్రాలకు కాడ్మియం డ్రైవ్, ఆకుపచ్చ వాటికి ఎమెరిల్, నీలం వాటికి ఇండియం డ్రైవ్ ఉండాలి. మ్యాప్‌లో నక్షత్రం కనిపిస్తూ వార్ప్ కాకపోతే తొంభై శాతం ఇదే కారణం. నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకోవచ్చు, సాధారణ కార్డులూ మోస్తాయి. కరెంటు, నెట్ నమ్మకం లేని ఊళ్లలో ఇది పెద్ద సుగుణం.

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ 2003లో మొదలుపెట్టిన ఈవ్ ఆన్‌లైన్‌లోనూ పెట్టె బొమ్మలే. కానీ 2011 నవంబరులో వచ్చిన క్రూసిబుల్ విస్తరణలో వాటికి చిరునామా ఇచ్చారు. ఒక్కో ప్రాంతానికి సొంత నీహారిక, పొరుగు ప్రాంతంలో నిలబడి చూస్తే అది తన దిక్కులోనే కనిపిస్తుంది. ఆటలోని రాజ్యాల్లో అమార్ వైపు బంగారు రంగు, మిన్మతార్ వైపు తుప్పు ఎరుపు. పాత ఆటగాళ్లు మ్యాప్ తెరవకుండా ఆకాశం చూసి ఎటు పోతున్నామో చెప్పగలరు. క్యాలెండర్ బొమ్మే, కానీ దిక్సూచి పని చేసే బొమ్మ. ఖర్చు తక్కువ పద్ధతితో ఇంత అర్థం రాబట్టిన గేము నాకు తెలిసి ఇంకోటి లేదు. వార్ప్ మొదలవ్వాలంటే షిప్ గమ్యం వైపు తిరిగి, గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకోవాలి. బరువైన షిప్ ఇక్కడే చిక్కుతుంది. 2016 నుంచి ఆల్ఫా ఖాతాతో ఉచితంగా ఆడొచ్చు. సర్వర్ లండన్‌లో ఉంది, రోజూ మన సాయంత్రం 4:30కి నిర్వహణ కోసం ఆపుతారు. బడి, కాలేజీ నుంచి అప్పుడే ఇంటికొచ్చి లాగిన్ అయ్యేవాళ్లకు చికాకే.

స్టార్ సిటిజన్, స్టార్‌ఫీల్డ్

మబ్బులోకి షిప్‌తో దూరి దాక్కోవాలి, మెరుపుల్లో ఎదుటివాడి దీపాలు వెతకాలి అనుకునేవాళ్లకు స్టార్ సిటిజన్. 2012లో జనం డబ్బుతో మొదలై ఇప్పటికీ ఆల్ఫాలోనే, అంటే పూర్తికాని దశలోనే ఉంది. మబ్బులు ఘనపరిమాణ పద్ధతిలోవే, దట్టమైనవి, అందమైనవి. సైన్సు దృష్టిలో అసాధ్యమైనవి కూడా. 2024 డిసెంబరులో 4.0 వెర్షన్‌తో స్టాంటన్ నుంచి పైరో సిస్టమ్‌కు దారి తెరుచుకుంది. ఇక్కడ జంప్ అంటే తెర చూస్తూ కూర్చోవడం కాదు, సొరంగంలో షిప్‌ను మీరే నడపాలి. దారి తప్పితే బయటికి విసిరేస్తుంది. 16 జీబీ ర్యామ్ అని రాసి ఉన్నా 32 లేనిదే సుఖం ఉండదు, ఎస్ఎస్‌డీ తప్పనిసరి. అప్పుడప్పుడు ఉచితంగా ఆడనిచ్చే ఫ్రీ ఫ్లై రోజులు ప్రకటిస్తారు. అప్పుడు ఆడి చూడకుండా రూపాయి కూడా పెట్టొద్దు.

2023 సెప్టెంబరులో వచ్చిన స్టార్‌ఫీల్డ్‌కు 125 జీబీ చోటు కావాలి. నక్షత్రాల మధ్య గ్రావ్ డ్రైవ్ అంటే మ్యాప్ మీద నొక్కడం, చిన్న దృశ్యం, లోడింగ్. కథ కోసం కొనేవాళ్లు కొనండి, నీహారికల కోసమైతే వద్దు.

మీ తెర మోసం చేస్తుందేమో

మంచి గేము కొని నాసి మానిటర్ సెట్టింగుతో నీహారికను పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. 8 బిట్ల తెరలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే. మసక నీహారిక అందులో అడుగున ఉన్న ముప్పై నలభై మెట్లతోనే సరిపెట్టుకోవాలి. చారలు అక్కడి నుంచే వస్తాయి. మానిటర్‌కు 10 బిట్ల అవకాశం ఉంటే డ్రైవర్ ప్యానెల్‌లో అది ఎంచుకోండి. టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు కంప్యూటర్ ఫుల్ రేంజ్, టీవీ లిమిటెడ్ రేంజ్ అనుకుంటే నీహారిక నలుపులో మునిగిపోతుంది. తిరగేస్తే నలుపంతా బూడిదవుతుంది. రెండు చోట్లా ఒకటే పెట్టాలి. ఐపీఎస్ రకం తెరల్లో తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి మామూలుగా 1000:1 స్థాయిలో ఆగిపోతుంది, వీఏ తెరల్లో 3000:1, ఓఎల్‌ఈడీలో నలుపంటే నలుపే. వీఏలో తిరుగుతున్నప్పుడు నక్షత్రాలు తోకలు వేస్తాయి, అది తెర గుణమే, గేము తప్పు కాదు.

రిజల్యూషన్ పెంచే ఎఫ్ఎస్ఆర్ లాంటి వాటిని పర్ఫార్మెన్స్ స్థాయిలో పెడితే, ఒక్క పిక్సెల్ అంత నక్షత్రాలు మిణుకుమిణుకుమంటూ మాయమవుతాయి. క్వాలిటీ స్థాయి కంటే కిందికి వెళ్లొద్దు. దానికి బదులు నీడల నాణ్యత తగ్గించుకోండి, అంతరిక్షంలో నీడలు లెక్కలోకి రావు. ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబరేషన్ లాంటి కెమెరా ఎఫెక్టులు ఆపేయండి. యూట్యూబ్ వీడియో చూసి ‘గ్రాఫిక్స్ బాలేదు’ అని తేల్చేయకండి. వీడియో కుదింపు మొదట మింగేది చీకట్లోని మసక రంగులనే.

వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకు ఒక మాట. పెట్టె బొమ్మ అయినంత మాత్రాన లోతు పోయిందని బాధపడనక్కర్లేదు. అంత దూరంలోని వస్తువులకు రెండు కళ్ల మధ్య తేడా నిజంగానే ఉండదు. ఎలీట్ కాక్‌పిట్‌లో కూర్చుని తల తిప్పి పాలపుంత పట్టీ చూడటం ఈ పోలికలో అన్నిటికంటే గొప్ప దృశ్యం. కాలినడకన తిరిగే భాగం మాత్రం వీఆర్‌లో బల్లపరుపు తెర మీదే వస్తుంది.

కొన్నాక మొదటి రెండు గంటలు

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటలను పొదుపుగా వాడుకోండి. స్పేస్‌ఇంజన్ అయితే పది నిమిషాలు చాలు. ఓరియన్ నీహారిక లోపలికి వెళ్లి, తెర పూర్తిగా నిండినప్పుడు ఫ్రేములు ఎంతకు పడ్డాయో చూడండి. నో మ్యాన్స్ స్కైలో రెండు గంటల్లో వార్ప్ దాకా వెళ్లడమే కష్టం. మొదటి గ్రహం మీద దిగడం, ఎగరడం నచ్చకపోతే తర్వాత కూడా నచ్చదు.

ఎలీట్‌లో సైడ్‌వైండర్‌తో రెండు గంటల్లో ఏ పెద్ద నీహారికకూ చేరరు, ఆ ప్రయత్నం వద్దు. గెలాక్సీ మ్యాప్ తెరిచి ఓరియన్ దాకా జరుపుకుంటూ వెళ్లి, చుట్టూ తిప్పి చూడండి. చేరబోయే చోటు ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. తర్వాత కొన్ని వేల కాంతి సెకన్ల దూరంలో స్టేషన్ ఉన్న సిస్టమ్ ఒకటి ఎంచుకుని సూపర్‌క్రూజ్‌లో వెళ్లండి. చేరడానికి ఇంకా 7 సెకన్లు అని చూపించగానే థ్రాటిల్‌ను 75 శాతానికి తగ్గించండి, లేదంటే దాటిపోయి వెనక్కి తిరగాల్సి వస్తుంది. ఆ కొన్ని నిమిషాల నిశ్శబ్దంలో మీ చేయి ఫోన్ వైపు పోతే రీఫండ్ నొక్కేయండి. ఆకాశం వైపు చూస్తూ కూర్చోగలిగితే, మొదట కొనాల్సింది ఫ్యుయల్ స్కూప్.